మా ఊరి బాట ఏ పట్టికలో నున్నది?

(పంచాయతీ సభ్యుల శిక్షణ శిబిరమున చేసిన ప్రసంగ పాఠము)



గ్రామీణ రహదారుల పనిమీద మేము చాల యేండ్లు ఊళ్ళు తిరిగితిమి. ఏ ఊరికి పోయినను రచ్చబండమీద కూర్చుండగానే మమ్ము అడుగు ప్రశ్న ఒక్కటే: “అయ్యా, మా ఊరికి రోడ్డు ఎప్పుడు వేయుదురు?” ఈ ప్రశ్నకు మాయొద్ద సమాధానము లేదు. మా ఊరు ఏ పట్టికలో నున్నది, అందు ఎన్నవ వరుసలో నున్నది, ఆ పట్టికను వ్రాసిన దినమున మా పంచాయతీవారు ఎక్కడ నుండిరి అని అడిగినచో మేము సమాధానము చెప్పగలము. ఆ సమాధానము ఒక్కొక్కప్పుడు మీకు రుచింపదు. మాకును రుచింపదు.

ఒక సంగతి చెప్పెదము. ఊరి పేరు చెప్పము. ఒక వాగునకు ఆవల రెండు శివారు పల్లెలు గలవు. ఒకదానిలో 310 మంది, రెండవదానిలో 220 మంది జనము. రెండింటికి నడుమ ఒక చెరువుకట్ట. వాగు పొంగిన దినములలో పిల్లలు బడికి పోలేరు. ధాన్యము కళ్ళములోనే నిలిచిపోవును. పురిటినొప్పులు వచ్చిన ఆడకూతురును మంచముమీద మోసికొని నీళ్ళు దాటింపవలెను. 2001 జనాభా లెక్కల ఆధారముతో పట్టికలు తయారుచేసిన కాలమున ఈ రెండు పల్లెలను మేము వేర్వేరుగ వ్రాసితిమి. మైదాన ప్రాంతమున 500 జనము లేని ఆవాసమునకు ఆ పథకములో చోటు లేదు. కనుక రెండును తప్పిపోయినవి. 500 మీటర్ల లోపల నున్న ఆవాసముల జనాభాను కలిపి లెక్కింపవచ్చునని ఆ పథకపు నియమావళిలోనే యున్నది. కలిపినచో 530 అగును. చెరువుకట్ట పొడవు 400 మీటర్లు మాత్రమే. మేము కొలువలేదు, పంచాయతీవారు కొలిపింపలేదు. మండల సమావేశమున పట్టికను చదివినప్పుడు అభ్యంతరము చెప్పినవారు లేరు. చాల యేండ్ల తరువాత ఆ పల్లె యువకుడొకడు టేపు పట్టి కొలిచి, కాగితము మా చేతికిచ్చినప్పుడు మేము తల వంచుకొనవలసివచ్చినది.

ఈనాడు మేము చెప్పదలచినది ఆ టేపును గురించియే. రోడ్డు మంజూరగు దినమునకు చాల ముందుగనే, దాని భాగ్యము ఒక పట్టికలో నిర్ణయమై యుండును. ఆ పట్టికను సరిచేయు అధికారము మీకు గలదు. మంజూరు వచ్చిన తరువాత మీరు రాజధానికి తిరిగిన తిరుగుళ్ళకంటె, పట్టిక వ్రాయునాడు సమావేశమునకు వచ్చి కూర్చున్న ఒక్క పూట ఎక్కువ పని చేయును.

డబ్బు ఎచ్చటనుండి వచ్చునో, ఎవరు ఎంచుదురో కొంచెము వెనుకకు పోయి చూచెదము. కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో నున్న కాలమున, 1871 నాటి లోకల్ ఫండ్సు చట్టముక్రింద భూమిశిస్తుతోపాటు సెస్సు వసూలు చేసి ఊరి బాటలను బాగుచేయించెడివారు. అందువలననే మన పెద్దలు నేటికిని కొన్ని రోడ్లను ‘లోకల్ ఫండు రోడ్డు’ అని పిలిచెదరు. నాడు రైతు డబ్బు ఆ జిల్లాలోనే ఖర్చయ్యెడిది. అది చాలెడిది కాదు. మోటారు బండ్లు వచ్చిన తరువాత ఎడ్లబండ్లకై వేసిన కంకర బాటలు తునకలైనవి. 1927లో నియమింపబడిన జయకర్ సంఘము ఈ భారము స్థానిక సంస్థల శక్తికి మించినదని తేల్చినది. దాని సిఫారసుపై 1929లో పెట్రోలుమీద గ్యాలనుకు రెండణాలు అదనపు సుంకము వేసి కేంద్ర రహదారి నిధిని ఏర్పరచిరి. ఆనాటినుండి రోడ్డుకు డబ్బు పైనుండి దిగుట ఆరంభమైనది. పైనుండి దిగు డబ్బుకు వరుస కావలెను, వరుసకు పట్టిక కావలెను.

1943లో నాగపూరున చీఫ్ ఇంజనీర్లు సమావేశమై ఇరువదేండ్ల ప్రణాళిక వ్రాసిరి. జాతీయ రహదారులు, రాష్ట్ర రహదారులు, జిల్లా రోడ్లు, గ్రామపు రోడ్లు అను విభజన దానినుండియే వచ్చినది. వ్యవసాయము వృద్ధిచెందిన ప్రాంతములలో ఏ గ్రామమును ప్రధాన రహదారికి 5 మైళ్ళకు మించి దూరముగ నుండరాదని వారు లక్ష్యము పెట్టుకొనిరి. ఐదు మైళ్ళు బురదలో నడచినవారికి ఆ లక్ష్యము ఎంత చిన్నదో తెలియును. తరువాత 1959 చట్టముతో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినవి. 1986 చట్టముతో సమితుల స్థానమున మండలములు వచ్చినవి. పేర్లు మారినను గ్రామపు రోడ్డు బాధ్యత ఈ సంస్థలదిగనే ఉండెను. నిధులు మాత్రము చాలలేదు.

పెద్ద మార్పు 2000 డిసెంబరు 25న ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజనతో వచ్చినది. ఇందులో మీరు గట్టిగా గుర్తుంచుకొనదగిన మాటలు మూడు గలవు.

మొదటిది ‘ఆవాసము’. ఈ పథకమునకు రెవెన్యూ గ్రామము ప్రమాణము కాదు, పంచాయతీయు కాదు. జనము కలిసి నివసించు చోటు, తండా గాని, శివారు గాని, హరిజనవాడ గాని, అదియే ప్రమాణము. మీ పంచాయతీ కేంద్రమునకు తారు రోడ్డు ఉన్నంతమాత్రమున మీ తండాకు రోడ్డున్నట్లు కాదు. పట్టికలో తండా పేరు ప్రత్యేకముగ నున్నదా లేదా అనునది చూడవలెను. పెద్ద ఊరి సర్పంచులు కొందరు ఈ సంగతి గ్రహింపక, “మా పంచాయతీకి రోడ్డున్నది” అని వ్రాసియిచ్చి తమ తండాలకు తామే అన్యాయము చేసినది మేమెరుగుదుము.

రెండవది ‘సర్వకాలపు రోడ్డు’. అనగా తారు రోడ్డని యర్థము కాదు. వానకాలమున కూడ బండి పోగలిగిన రోడ్డు. కల్వర్టులు, తూములు, చప్టాలు, అవసరమైన చోట చిన్న వంతెన ఉండి నీరు నిలువక పోవుచున్న కంకర రోడ్డును సర్వకాలపు రోడ్డే. నల్లగ నిగనిగలాడుచు వాగు దగ్గర తెగిపోవు తారు రోడ్డు సర్వకాలపు రోడ్డు కాదు. మా అనుభవమున పల్లెవారు తారు అడిగెదరు, వాగుమీద వంతెన అడుగుట మరచెదరు. ఫోటోలో తారు బాగుగ కనబడును, తూము కనబడదు.

మూడవది ‘కోర్ నెట్‌వర్కు’. ప్రతి ఆవాసమును బడికి, ఆసుపత్రికి, సంతకు చేర్చుటకు కనీసము కావలసిన రోడ్ల వల. ఒక్కొక్క ఆవాసమునకు ఒక్క సర్వకాలపు మార్గము చాలునని దాని సూత్రము. రెండవ దారి కావలెననుట తప్పు కాదు గాని, పొరుగు పల్లెకు మొదటి దారియే లేనప్పుడు మన రెండవ దారి వెనుకకు జరుగవలసినదే. ఈ వలను మండల స్థాయిని గీసి, మండల పరిషత్తు ముందును, పిమ్మట జిల్లా పరిషత్తు ముందును ఉంచి ఆమోదము పొందవలెను. శాసనసభ్యుల, పార్లమెంటు సభ్యుల సూచనలను గూడ గ్రహింపవలెనని నియమము. పెద్దల సూచన అన్నచో మనవారు అదియే తుది యనుకొందురు. నియమావళిలో పెద్దలకున్నది సూచన చేయు హక్కు. ఆవాసమునకున్నది వరుసలో తన స్థానము.

ఇక మండల సమావేశమునందు జరుగు సంగతి. ఇచ్చట మేము కొంచెము నిలుచుండి మాటలాడెదము, ఏలయనగా రోడ్లు చెడునది వానలలో కంటె ఈ సమావేశములలోనే యెక్కువ. మండలమునకు పది కిలోమీటర్ల రోడ్డుకు చాలు డబ్బు వచ్చిన దనుకొందము. ఇరువది పంచాయతీలు గలవు. “ఊరికి అర కిలోమీటరు” అని ఒకరు అందురు. ఎవరికిని కోపము రాదు, అందరు చప్పట్లు కొట్టుదురు. ఫలితము? ఇరువది ఊళ్ళలో ఇరువది ముక్కలు. ఒకటి కోవెలనుండి చెరువుదాక, ఒకటి సర్పంచిగారి కళ్ళముదాక. ఏ ముక్కయు ఏ ఊరిని వాగు దాటింపదు. రెండేండ్లకు అంచులు రాలిపోవును. డబ్బు సమానముగ పంచబడినది గాని, ఆ మండలములో ఒక్క ఆవాసమునకైనను సర్వకాలపు మార్గము రాలేదు. వాగునకు ఆవల నున్నవారు ఇంకను ఆవలనే యుందురు.

దీనికి మారుగ మరియొక మండలమున మేము చూచినది చెప్పెదము. అచ్చటి సభ్యులు మొదట పటముమీద వాగులను మాత్రము నీలిరంగుతో గీసిరి. తరువాత ఏ ఏ ఆవాసములు వానలలో తెగిపోవునో వానిచుట్టు ఎర్ర చుక్కలు పెట్టిరి. ఎర్ర చుక్కలు ఏడు మాత్రమే వచ్చినవి. “మిగిలినవారు ఈ యేటికి అడుగరాదు” అని మండలాధ్యక్షురాలు చెప్పినది. రెండు గంటలు కేకలు. తిట్లును కొన్ని. ఒక పెద్ద ఊరి సర్పంచి లేచి పోయినాడు కూడ. కాని ఆ ఏడింటిలో మూడింటికి ఒకే వాగుమీద ఒకే వంతెన చాలునని అప్పుడు తెలిసినది. కిలోమీటర్ల లెక్కలో ఆ మండలమునకు ఆ యేడు పెద్దగ వచ్చినదేమియు లేదు. మూడు పల్లెల పిల్లలు మాత్రము భాద్రపదములో గూడ బడికి పోయిరి. లేచిపోయిన సర్పంచి మరుసటి యేడు తన రోడ్డును మండల పట్టికలో మొదట పెట్టించుకొనెను. అది అతనికి న్యాయముగ రావలసినదే.

అందరికిని మొదటి మార్గము సమకూరిన చోట ఎంపిక మరొక విధముగ జరుగును. 2019లో ఆమోదింపబడిన మూడవ దశలో 1,25,000 కిలోమీటర్ల పాత రోడ్లను బాగుచేయ సంకల్పించిరి. అందు రోడ్డునకు మార్కులు వేసిరి: అది ఎంత జనాభాకు ఉపయోగపడును, దాని ప్రక్కన మార్కెట్లు, బడులు, ఆసుపత్రులు ఏవి గలవు అని. ఒక ఊరితో ఆగిపోవు రోడ్డుకంటె పది ఊళ్ళను మార్కెట్టు యార్డుకు చేర్చు రోడ్డునకు మార్కులు ఎక్కువ వచ్చినవి. పొరుగు పంచాయతీవారితో పోట్లాడుకొన్న వారికంటె, కలిసి ఒక్క రోడ్డును చూపినవారికే అందు లాభము కలిగినది. ఉన్న ఆసుపత్రిని, ఉన్న ధాన్యపు కొనుగోలు కేంద్రమును పటములో గుర్తింపించుట మీ పని. అది కాగితముమీద లేకున్నచో మార్కును లేదు.

2024 సెప్టెంబరులో నాల్గవ దశకు కేంద్ర ప్రభుత్వ ఆమోదము లభించినది. 2028-29 వరకు 70,125 కోట్ల రూపాయలతో, 2011 జనాభా లెక్కల ప్రకారము, ఇంకను రోడ్డు లేని 25,000 ఆవాసములకు 62,500 కిలోమీటర్ల రోడ్లు వేయవలెనని దాని ఉద్దేశము. మైదానములలో 500, గిరిజన షెడ్యూలు ప్రాంతములలో 250 జనాభా ప్రమాణము. అంతకుముందే 2023 నవంబరులో ఆరంభమైన పి.ఎం.-జన్‌మన్ క్రింద చెంచులు, కొండరెడ్లు, కొలాములు మొదలగు అతి వెనుకబడిన గిరిజనుల ఆవాసములకు 100 జనాభాయే చాలునని నిర్ణయించిరి. మన్యమునుండి వచ్చిన సభ్యులు ఇచ్చట నున్నారు. డోలీ కట్టి రోగిని మోయుట యన నేమో వారికి మేము చెప్పనక్కరలేదు. వారికి మేము చెప్పగలిగినది ఒక్కటే: మీ గూడెము పేరు, జనాభా, దూరము, వాగుల సంఖ్య, ఈ నాలుగును వ్రాసి పంచాయతీ తీర్మానముతో ఇండు. నోటిమాట పట్టికలోనికి ఎక్కదు.

ఇక భూమి. ఈ పథకములో భూసేకరణకు డబ్బు లేదు. భూమి సిద్ధముగ నున్నదని రాష్ట్ర ప్రభుత్వము ముందే చెప్పవలెను. రోడ్డు కట్ట వెడల్పు మామూలుగ 7.5 మీటర్లు, నడుమ బండి నడచు భాగము 3.75 మీటర్లు. దినమునకు నూరుకంటె తక్కువ మోటారు బండ్లు నడచు చోట 6 మీటర్లును, 3 మీటర్లును చాలును. అనగా ఒక కిలోమీటరునకు సుమారు ఎకరమున్నర మొదలు రెండెకరములలోపు. పాత బాట ఉన్నచోట క్రొత్తగ తీసికొనవలసినది స్వల్పము. కోస్తాలో పుంతయనియు, డొంకయనియు, తెలంగాణములో నక్షబాటయనియు పిలుచు ఆ బాటలు రెవెన్యూ పటములలో నేటికిని వెడల్పుగనే యున్నవి. భూమిమీద మాత్రము ఇరుప్రక్కల దున్నుకొనుచు వచ్చి ఇరుకైపోయినవి. దున్నుకొన్నవారిలో పంచాయతీ సభ్యులును ఉండవచ్చును. ఆ మాట మేము పెద్దగ అనము.

రోడ్డు గీత నిర్ణయించుటకు ముందు ఆ దారివెంట అందరును కలిసి నడువవలెనని నియమము. సర్పంచి, గ్రామ రెవెన్యూ ఉద్యోగి, ఇంజనీరు, అడవి ఉన్నచోట అటవీ ఉద్యోగి, పంచాయతీలోని మహిళా సభ్యులు అందు పాల్గొనవలెను. ఫోటోలు తీయవలెను. భూమి కోలుపోవువారి మాట వినవలెను. నడక ముగిసిన పిమ్మట ఆ సంగతులన్నియు వ్రాసి, దానిమీద గ్రామ పంచాయతీ కార్యదర్శి గాని, గ్రామ పెద్ద గాని సంతకము చేయవలెను. ఆ కాగితము అంచనాకు జతపరుపబడును. ఇది ఎంత ముఖ్యమైన సంతకమో చాలమందికి తెలియదు. పంచాయతీ కార్యాలయమున కూర్చుండి నడువని నడకకు సంతకము పెట్టిన ఉదంతములు గలవు. అట్లు పెట్టిన చోట ఏమగును? గీత వంకర తిరుగును. పలుకుబడి గలవాని మామిడితోటను తప్పించి, ప్రక్కనున్న అరయెకరపు విధవరాలి చేనుమీదుగ పోవును. ఆమెకు నోటీసు రాదు, పరిహారము రాదు. ‘స్వచ్ఛందముగ ఇచ్చినది’ అని కాగితము మాత్రము ఉండును. మీరు చదువక చేసిన సంతకము ఆమె చేనును తినివేసినది. మీరు నడచినచో ఆమె గట్టుమీద నిలుచుండి మాటలాడియుండును.

నడకలో మహిళలు ఉండవలెననుట మర్యాదకు పెట్టిన నియమము కాదు. ఒకమారు మేము ఎండకాలమున పొడిగ నున్న వంకను చూచి చిన్న తూము చాలునంటిమి. నీళ్ళకుండతో దినమును ఆ దారినే పోవు ఒక వార్డు సభ్యురాలు, “అయ్యా, వానలలో నీరు ఆ వేపచెట్టు మొదలుదాక వచ్చును” అని చూపినది. వేపచెట్టు మేము నిలిచిన చోటికి అరువదడుగుల దూరమున నున్నది. మాకు నమ్మకము కలుగలేదు, కొలతలు మార్చలేదు. రెండవ వానకే తూమును, రెండు ప్రక్కల కట్టయు కొట్టుకొనిపోయినవి. మరల కట్టినప్పుడు వేపచెట్టునుండియే కొలత పట్టితిమి.

డబ్బు సంగతి త్వరగ చెప్పెదము. ఈ సడక్ యోజనకు మొదట కేంద్రమే పూర్తిగ ఇచ్చెడిది. 2015-16 నుండి మన వంటి రాష్ట్రములలో కేంద్రము 60, రాష్ట్రము 40 వంతున భరించుచున్నవి. రాష్ట్రపు వాటా ఆలస్యమైనచో పని ఆగును. ఆగిన పనికి కారణము కంట్రాక్టరొక్కడే కాడని తెలిసికొని అడుగవలసినవారిని అడుగుడు. 1995-96లో నాబార్డులో ఏర్పడిన గ్రామీణ మౌలిక సదుపాయాభివృద్ధి నిధి వంతెనలకు బాగుగ సరిపోవును. కాని అది ఋణము, రాష్ట్రము తీర్చవలెను. పార్లమెంటు సభ్యుని స్థానికాభివృద్ధి నిధి ఏటికి 5 కోట్లు, నియోజకవర్గమంతటికి. దానిని చిన్న తూములకు, ఆగిపోయిన చివరి ముక్కలకు అడుగుట మేలు. ఊరి లోపలి సిమెంటు వీధులు చాలవరకు 2005 నాటి ఉపాధి హామీ చట్టము క్రింది సామగ్రి నిధులతో వేయబడినవి. పదునైదవ ఆర్థిక సంఘపు గ్రాంటులలో 2021-22 నుండి 2025-26 వరకు 60 పాళ్ళు నీటికి, పారిశుద్ధ్యమునకు కట్టుబడియుండెను. తక్కిన 40 పాళ్ళతో పంచాయతీలు తమ అవసరములు చూచుకొనవలసియుండెను. పెద్ద రోడ్డు దానితో కాదు. రోడ్డు ప్రక్క కాలువల పూడిక తీయుటకు మాత్రము అట్టి స్వల్పపు సొమ్మే చాలును.

పూడిక యనగానే గుర్తుకు వచ్చినది. సడక్ యోజన రోడ్డును వేసిన కంట్రాక్టరే ఐదేండ్లు దానిని బాగుచేయుచుండవలెను. ఆ ఖర్చు రాష్ట్రమిచ్చును. రోడ్డు మొదట నాటిన బోర్డుమీద పని ముగిసిన తేదీ ఉండును. ఆ తేదీని మీ పంచాయతీ రిజిస్టరులో వ్రాసికొనుడు. నాల్గవ యేట గుంటలు పడినచో అవి మీ గుంటలు కావు. గుంటను ఫోటో తీసి పంపుటకు 2015లో ‘మేరీ సడక్’ అను యాప్ వచ్చినది. మీ ఊరి పిల్లలకు దాని వాడుక మీకంటె బాగుగ తెలియును. ఐదేండ్లు నిండుటకు మూడు నెలల ముందు ఇంజనీరును పిలిచి రోడ్డంతయు నడచి, తక్కువలు వ్రాయించుడు. గడువు దాటిన మరునాడు వ్రాసినచో వినువారు లేరు.

రోడ్డు ప్రక్క కాలువలో చెత్త పోయుట, చేనికి నీరు పెట్టుటకు కట్టను గండికొట్టుట, కేజ్‌వీలు ట్రాక్టరును తారుమీద నడుపుట, ఇవి మాన్పించుట మీకు తప్ప ఎవరికిని చేతకాదు. మా శాఖకు ఊరూర మనుష్యులు లేరు.

ఇప్పుడు భోజన విరామము. పిమ్మట మూడు గంటలవరకు మీ మీ మండలముల పటములు ఈ హాలులోని బల్లలమీద పరచబడి యుండును. ప్రతి బల్లవద్ద ఒక ఇంజనీరు కూర్చుండును. మీ పంచాయతీలోని ప్రతి ఆవాసము, తండా, శివారు పేరు పటములో నున్నదో లేదో చూచుకొనుడు. దూరము తప్పుగ నున్నచో, జనాభా తప్పుగ నున్నచో, వాగు గుర్తింపబడకున్నచో ఎర్ర పెన్సిలుతో అచ్చటనే దిద్ది, ప్రక్కన మీ పేరు వ్రాసి సంతకము చేయుడు. టేపులు నాలుగు తెప్పించితిమి. పల్లెకు తీసికొనిపోయి కొలిచి, వారము దినములలో తిరిగి ఇయ్యవలెనని కోరుచున్నాము.